గాలి చూడటం నేర్పినాయన

ఆయన పోయాడని కెనడాలో మా కిచెనర్ ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే మెసేజ్ వచ్చింది. గుండెపోటట. కింద ఒక ఫోటో పెట్టారు. ఆకుపచ్చ మచ్చల చొక్కా వేసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, పడి ఉన్న జింక కొమ్ముల్ని రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. నవ్వీ నవ్వనట్టు ఒక నవ్వు. ఫోటో కింద వరసగా దణ్ణాలు. ఎంత మంచి మనిషి, ఎంతమంది స్టూడెంట్లకి అన్నం పెట్టాడు, మాకు అడవి చూపించింది ఆయనే కదా అని. నేను కూడా రెండు చేతులు జోడించిన బొమ్మ పెడదామనుకున్నాను. వేలు కదల్లేదు. పోయిన మనిషి మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాకు ఉంది. దాచుకోవడం చేతకాదు కాబట్టి రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. ఆయన భార్య, మా ఆంటీ, చదివితే బాధపడుతుంది.

ఆయన్ని తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది గొంతు. ఎప్పుడూ గుసగుసే. అడవిలో అలవాటైన గొంతుని ఊళ్ళోకి కూడా తెచ్చుకున్నాడు. ఆఫీసు మీటింగుల్లోనూ ఇలాగే మాట్లాడతాడని, మీ మైకు పనిచేస్తోందా అని మేనేజరు మాటిమాటికీ అడుగుతాడని ఆంటీ నవ్వేది. ఆయన చెప్పేది వినాలంటే మనమే ముందుకి వంగాలి. వంగినవాడికి తనొక్కడికే ఏదో రహస్యం చెబుతున్నట్టు ఉంటుంది. నేను బాగా వంగాను.

రెండోది ఆ సీసా. కంట్లో వేసుకునే చుక్కల మందు అయిపోతే ఆ బుల్లి సీసా కడిగి ఆరబెట్టి, అందులో మెత్తటి బియ్యప్పిండి నింపుకునేవాడు. నొక్కితే సన్నగా పొగలా లేచి, గాలి ఎటుంటే అటు సాగిపోతుంది. వేటగాళ్ళకి ఇలాంటివి షాపుల్లోనే దొరుకుతాయి. ఈయనకి మాత్రం బియ్యప్పిండే కావాలి. అడవిలోనే అనుకునేరు. గ్రోసరీ స్టోర్ పార్కింగులో నొక్కేవాడు, గుడి మెట్ల మీద నొక్కేవాడు, ఎవరి పిల్లల పుట్టినరోజుకో వెళ్ళి పెరట్లో నొక్కేవాడు. ఒకసారి పిక్నిక్‌లో అలాగే నొక్కి చూసుకుని, కుర్చీ ఎత్తుకెళ్ళి కబాబుల పొయ్యికి అవతలి పక్కన వేసుకున్నాడు. పొగంతా మా మొహాన కొట్టింది. ఆయన హాయిగా తిన్నాడు. మేమందరం నవ్వాం కూడాను.

నేను వచ్చిన ఏడు మా బోటివాళ్ళం కిచెనర్‌లో కుప్పలుగా దిగాం. బస్సెక్కితే తెలుగు, కాఫీ షాపు క్యూలో తెలుగు, క్లాసులో కుర్చీ దొరక్క గోడకానుకుని నిలబడితే పక్కవాడిదీ తెలుగే. ఏజెంటు చెప్పిన కోర్సు ఒకటి, వచ్చి చూస్తే ఉన్నది ఇంకొకటి. బేస్‌మెంట్ ఓనరు ఫోటోలో చూపించిన కిటికీ మా గదిలో లేదు. అడిగితే అది పైగది ఫోటో అన్నాడు. ఎవరు చిరునవ్వుతో దగ్గరికొచ్చినా, వీడికి నా దగ్గర ఏం కావాలి అని చూడటం అలవాటైపోయింది. వారాంతాల్లో ఒక ఇండియన్ గ్రోసరీలో మాంసం కౌంటర్ దగ్గర పనిచేసేవాణ్ణి. ఆయన అక్కడే తగిలాడు. మేకమాంసం కొనడానికి రాలేదు, మేకమాంసాన్ని తిట్టడానికి వచ్చాడు. గాజు మీదికి వంగి చూసి, "ఇది ఐసు బాబూ, మాంసం కాదు" అన్నాడు. తరవాత నా వైపు చూశాడు.

"ఏ ఊరు మీది?"

"సిద్దిపేట దిక్కు అంకుల్."

"వచ్చి ఎన్నాళ్ళయింది? ఆరు నెలలు దాటిందా?"

"దాటింది."

"అయితే సరే. జింక మాంసం తిన్నావా ఎప్పుడన్నా?"

ఆ 'అయితే సరే' ఏమిటో నాకప్పుడు అర్థం కాలేదు. ఈ ఒంటారియో రాష్ట్రంలో ఆరు నెలలు కాపురమున్నవాడికే ఇక్కడి మనిషిగా వేట లైసెన్సు ఇస్తారు. కొత్త కుర్రాడెవడు కనబడ్డా ఆయన మొదట తేల్చుకునేది అదే. నేనేమో, వచ్చి ఎన్నాళ్ళయిందని అడిగే మనిషి ఇన్నాళ్ళకి దొరికాడని సంబరపడ్డాను.

ఆ వేసవంతా నేర్పాడు. నేర్పడం ఆయనకి వచ్చు, ఆ మాట ఒప్పుకోవాలి. వేట కోర్సు చదివించాడు, పరీక్షకి తనే కారులో దింపాడు. తుపాకీకైతే వేరే లైసెన్సు కావాలి, నీకు క్రాస్‌బో చాలు అన్నాడు. తుపాకీలా భుజానికి ఆనించి నొక్కితే బాణం వెళ్ళే విల్లు అది. తన పాతది నాకిచ్చాడు. ఊరికి గంట దూరంలో ఒక ముసలి రైతు పొలం ఉంది. ఏటా ఆ రైతుకి ఆంటీ చేసిన అరిసెలు పట్టుకెళ్ళి, అక్కడ వేటాడుకోవడానికి అనుమతి తెచ్చుకునేవాడు. ఆ పొలంలో గడ్డిమోపులకి గురిపెట్టించి కొట్టించేవాడు.

"జీన్స్ వేసుకోకు. తడిస్తే ఆరదు, నడిస్తే గరగరమంటది" అనేవాడు. "జింక కోసం చూడకు. జింక ఎప్పుడూ మొత్తం కనబడదు. చెట్లన్నీ నిలువుగా ఉంటాయి కదా, వాటి మధ్య అడ్డంగా గీత కనబడిందా, అది వీపు. లేదంటే చెవి ఆడుద్ది. ఆ చెవి చాలు నీకు."

నడకా నేర్పాడు. ఆగకుండా నడిచే జంతువు మనిషొక్కడేనట. అందుకని రెండడుగులు వేసి ఆగాలి, తలెత్తి చూడాలి, మళ్ళీ ఒక అడుగు. నేను గబగబా పోతే భుజం పట్టుకుని ఆపేవాడు. "తొందరున్నోడు బస్టాండుకి పోవాలిరా" అనేవాడు గుసగుసగా. ముందుకాలి వెనక, బెత్తెడు పైన కొట్టాలి. తగులుతుందో లేదోనని అనుమానముంటే అసలు నొక్కకూడదు. తగిలిందా, లేచి పరిగెత్తకూడదు. "కూర్చుని టీ తాగు. నువ్వు తరిమితే గాయంతో ఎక్కడికో పోద్ది. వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటది." ఎక్కడ కూర్చుంటున్నామో ఇంట్లో ఒకరికి చెప్పకుండా అడవిలో అడుగు పెట్టకూడదు. ఇవన్నీ మంచి మాటలు. ఈ రోజుకీ మొదటిసారి వేటకి పోయేవాడు ఎవడన్నా అడిగితే ఇవే చెబుతాను, ఎవరు నేర్పారో మాత్రం చెప్పను.

అన్నిటికన్నా ఎక్కువగా గాలి గురించి చెప్పేవాడు. "కంటికి దొరికినా ఊరుకుంటదిరా. చెవికి దొరికినా ఒకసారి ఆగి చూస్తది. ముక్కుకి దొరికావా, అయిపోయింది. గాలి దాని దగ్గర్నించి నీ దగ్గరికి రావాలి. నీ దగ్గర్నించి దాని దగ్గరికి పోకూడదు." ఇందులో మనవాళ్ళకి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. ఇక్కడివాళ్ళకి సబ్బు వాసనా, పెట్రోలు వాసనా వదిలించుకుంటే చాలు. మనకి పోపు. బేస్‌మెంట్‌లో పొయ్యి పక్కనే బట్టలు, బట్టల పక్కనే పడక. ఇంగువా ఎండుమిరపకాయలూ స్వెట్టర్‌లోకి ఎక్కితే ఎన్ని ఉతుకులు ఉతికినా దిగవు. అందుకని నా వేటబట్టలు తన గరాజ్‌లోనే ఉంచమన్నాడు. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ పెట్టెలో దేవదారు రెమ్మలు వేసి, తన బట్టల పక్కనే నావీ పెట్టాడు. వాటిని అలా పక్కపక్కన చూసి, ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేసి మా అమ్మకి చెప్పాను, ఇక్కడ నాకొక పెద్దదిక్కు దొరికిందని. రూమ్మేట్లకి చెప్పాను, స్టోర్లో చెప్పాను. ఈ దేశంలో నా దగ్గర ఏమీ ఆశించని మనిషి ఒకడున్నాడని. జింక పడితే మంచిదే. నాకు కావలసింది మాత్రం ఆ మనిషి అలాగే ఉండటం.

శరత్కాలం వచ్చింది, విల్లువేట మొదలైంది. నేను శనివారం షిఫ్టులు వదులుకున్నాను. తెల్లవారుతుండగా ఆయన కారు మా ఇంటి ముందు ఆగేది. పొలం చివర ఒక బురదనేల ఉంది, దట్టంగా దేవదారు చెట్లు. జింకలు పగలు పడుకునేది అందులోనే. ఆ నేలకి అవతలి వైపు ఒక చెట్టు మీద ఆయన మంచె. ఇవతలి వైపు రాళ్ళకుప్ప దగ్గర నేను. మొదటి రోజు కారు డిక్కీలోంచి ముడేసిన చెత్తసంచి ఒకటి తీశాడు. ముడి విప్పి, చెయ్యి దూరంగా చాచి, లోపలున్న మందపాటి పాత జాకెట్ నాకిచ్చాడు.

"నాదే. వేసుకో, అక్కడ చలి కొరికేస్తది."

వేసుకోగానే ముక్కుకి తగిలింది. పోపు. కరివేపాకు, ఇంగువ, మాడిన ఎండుమిరపకాయ. ఆ పొద్దున, మంచు పట్టిన ఆ పొలంలో, ఆ వాసనకి నాకు ఏడుపొచ్చింది. నెలల తరబడి నాకెవరూ తమ బట్ట ఇచ్చి ఇది తొడుక్కో అనలేదు. అయినా చదివిన పాఠం గుర్తొచ్చి అడిగాను.

"అంకుల్, ఇది పోపు వాసనొస్తుంది కదా?"

"పాత వాసన, పోయింది అది. చలికి వణికావంటే కదులుతావు, కదిలితే ఇంకా చేటు. వేసుకో."

ఇంకొకటి కూడా అడిగాను. రాళ్ళకుప్ప దగ్గర కూర్చుంటే గాలి నా మెడ వెనకనుంచి చల్లగా తగులుతోంది. అంటే నా మీదుగా జింకల వైపే పోతోంది. ఆయన సీసా నొక్కాడు, పిండి తెర నన్ను దాటి దేవదారు చెట్లలోకి మెల్లగా పోయింది. ఇద్దరం చూశాం. "పొద్దెక్కితే తిరుగుద్ది. ఓపిక పట్టు" అన్నాడు. మఫ్లర్ ముక్కు మీదికి లాక్కుని వెళ్ళిపోయాడు.

కళ్ళెదురుగా చూసింది కూడా ఆయన చెప్పాడని కాదనుకున్నాను.

ఆ శనివారమూ, తరవాతి శనివారాలూ నా ముందుకి ఉడత తప్ప ఏదీ రాలేదు. జాకెట్ కాలర్‌లో ముక్కు పెట్టుకుని, మా ఇంటి వంటగది తలుచుకుంటూ కూర్చునేవాణ్ణి. మధ్యాహ్నం ఆయన వచ్చి నా ముందు నిలబడి, మందలించినట్టు తల ఆడించేవాడు.

"కదిలుంటావురా."

"లేదు అంకుల్, కదల్లే."

"నీకు తెలీకుండానే కదులుతావు. కొత్తలో అందరూ అంతే."

నేను నమ్మాను. బేస్‌మెంట్‌లో బకెట్ బోర్లించి దాని మీద కదలకుండా కూర్చోవడం సాధన చేశాను. రూమ్మేట్లు నా ముందు చిటికెలు వేసి, చక్కిలిగింతలు పెట్టి నవ్వేవాళ్ళు. కాళ్ళు తిమ్మిరెక్కి పడిపోయిన రోజులున్నాయి. ఇంత చేసినా నాకు కుదురు లేదే, చదువులోనూ ఇంతే, పనిలోనూ ఇంతే అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ ఏడు నా మీద నాకు ఉన్న కాస్త నమ్మకమూ ఆ రాళ్ళకుప్ప దగ్గరే పోయింది.

చివరికి ఒక శనివారం అవతలి వైపు నుంచి క్రాస్‌బో చప్పుడు వినబడింది. ఫోన్‌లో మెసేజ్. "పడింది. రా." పరిగెత్తి వెళ్ళాను. పెద్ద మగజింక. ఆయన సీజన్ మొదట్లోనే తన లైసెన్సుకి వచ్చే ఒక్క జింకనీ కొట్టేసి ఉన్నాడు. ఇక్కడి పద్ధతిలో, కలిసి వేటాడేవాళ్ళని ఒక పార్టీ అంటారు. లైసెన్సుతో పాటు ఒక్క జింకకి ఒక్క ట్యాగ్, అంటే చీటీ, ఇస్తారు; పార్టీలో ఎవరు కొట్టినా ఎవరి ట్యాగ్ అయినా వాడుకోవచ్చు. నా ట్యాగ్ తీయమన్నాడు. "నీ పేరు మీద పడిందిరా" అన్నాడు. నేను పొంగిపోయాను. కొమ్ములు పట్టించి నాకు ఫోటో తీశాడు. పేగులు తీయడం దగ్గరుండి నేర్పాడు, ఒక ముందుకాలు కోసి నాకిచ్చాడు. బేస్‌మెంట్‌లో అందరం పండగ చేసుకున్నాం.

మరుసటి ఏడు సెప్టెంబరులో, బట్టలు సిద్ధం చేసుకుందాం రమ్మని ఫోన్ చేశాడు. కాస్త ముందే వెళ్ళాను. గరాజ్ తలుపు తెరిచే ఉంది. ఇల్లు వాసన పట్టకుండా మనవాళ్ళు చాలామంది గరాజ్‌లో రెండో పొయ్యి పెట్టుకుంటారు, ఆంటీకీ ఉంది. పొయ్యి మీద చేపల పులుసు సన్నగా ఉడుకుతోంది, ఆంటీ లోపలికి వెళ్ళినట్టుంది. పొయ్యికి సరిగ్గా పైన, గోడ మేకుకి ఆ జాకెట్ వేలాడుతోంది. అయ్యో, పొరపాటున ఇక్కడ తగిలించారే అనుకున్నాను. నిరుడు వేటకాలమంతా నన్ను చలి నుంచి కాపాడిన జాకెట్, తీసుకెళ్ళి శుభ్రంగా ఉతికి తెచ్చిస్తే ఆయన సంతోషిస్తాడని చేతిలోకి తీసుకున్నాను. అప్పుడే వాళ్ళమ్మాయి సైకిల్ కోసం వచ్చింది. హైస్కూల్లో చదువుతోంది.

"ఈ జాకెట్ ఉతికి తెస్తనని డాడీకి చెప్పు" అన్నాను.

"నో నో, డోంట్ వాష్ దట్" అంది. "దట్స్ ద న్యూ గై జాకెట్. డాడ్ వాంట్స్ ఇట్ స్టింకీ."

కొత్తగా వచ్చినవాడి జాకెట్టట. కంపు కొట్టాలట. ఆ పిల్ల అందులో దాచవలసింది ఏమీ ఉందనుకోలేదు. సైకిలెక్కి వెళ్ళిపోయింది.

నేను పులుసు పక్కన నిలబడి ఆయన నేర్పిన పాఠమే మళ్ళీ చదువుకున్నాను. గాలి నా మెడ వెనక. నా మీద పోపు వాసన. ముందు జింకలు పడుకున్న చెట్లు. వాసన తగిలితే జింక పరిగెత్తదు, మెల్లగా లేచి అవతలి పక్కనుంచి జారుకుంటుంది. అవతలి పక్కన మంచె మీద ఆయన. మూట విప్పేటప్పుడు చెయ్యి అంత దూరంగా ఎందుకు చాచాడో, ఆ జాకెట్‌ని డిక్కీలో చెత్తసంచిలో ఎందుకు కట్టాడో, ముక్కు మీదికి మఫ్లర్ ఎందుకు లాక్కున్నాడో అన్నీ వరసగా అర్థమయ్యాయి. నేను వేటకి పోలేదు. కన్నంలో ఎలకని బయటికి తోలడానికి పొగ పెట్టినట్టు, జింకల్ని తన వైపు తోలడానికి నన్ను పెట్టాడు.

ఆయన కూరగాయల సంచులతో వచ్చాడు. నా చేతిలో జాకెట్ చూశాడు, నా మొహం చూశాడు. సంచులు కింద పెట్టాడు. మొహంలో తప్పు చేసినవాడి జాడ ఎక్కడా లేదు. పైగా కాస్త మెచ్చుకోలు కనబడింది.

"కనిపెట్టావా?" అన్నాడు గుసగుసగా. "కొందరు ఇప్పటికీ కనిపెట్టలేదు."

"ఎందుకు చేసినవ్ అంకుల్ ఇట్ల?"

"అందులో ఏముందిరా. మనం ఒక పార్టీ. నువ్వటు కూర్చోబట్టే అది ఇటొచ్చింది. మాంసం నువ్వూ తిన్నావు, నేనూ తిన్నాను."

"మరి నేను కదిలిన్నని ప్రతిసారి ఎందుకన్నవ్? నేను కదల్లే. నీకు తెలుసు నేను కదల్లేదని."

జాకెట్ సంగతి మింగగలనేమో, ఇది మింగలేను. ఆయన లెక్క చెప్పేవాడిలా జవాబిచ్చాడు.

"కదల్లేదంటే, మరి జింకెందుకు రాలేదని నువ్వు ఆలోచిస్తావుగా."

వంగి వినడం మానేసి నిటారుగా నిలబడ్డాను. అయినా ఆ మాట స్పష్టంగానే వినబడింది. ఆయన నా చేతిలోంచి జాకెట్ తీసుకుని, ముడతలు దులిపి, పొయ్యి పైనున్న మేకుకి జాగ్రత్తగా తగిలించాడు. దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతిలో ఆప్యాయత నిజమైనదే, నాకు తెలుస్తూనే ఉంది.

"నీకు బుర్రుంది. ఈ ఏడు నువ్వు నా పక్కన మంచె మీద కూర్చో. నీ చేత కొట్టిస్తా. మీ బేస్‌మెంట్‌లోకి కొత్తగా ఒక అబ్బాయి దిగాడన్నావు కదా, ఆరు నెలలు దాటిందేమో కనుక్కో. చలికి భయపడొద్దని చెప్పు. మన దగ్గర జాకెట్ ఉందని చెప్పు."

నేను గరాజ్‌లోంచి బయటికొచ్చి బస్టాపు దాకా ఆగకుండా నడిచాను. మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళలేదు. నా దగ్గర ఏమీ ఆశించని మనిషి ఈ దేశంలో ఒకడున్నాడని ఏడాది పొడుగునా అందరికీ చెప్పుకున్నాను. ఆయన నన్ను నోరు తెరిచి అడిగింది ఒక్కటే, ఆ కొత్త అబ్బాయిని.